పూజలో పెట్టిన పానా

మా చిన్నప్పుడు... ఆయుధ పూజ రోజు పొద్దున్నే మా బాపు తన చిన్న పికప్ బండికి తలంటు పోసేవాడు. అమ్మ లేడీస్ హాస్టల్ వంటింట్లో పనిచేసేది కాబట్టి మాకు యూనివర్సిటీ లోపలే క్వార్టర్ ఉండేది. బాపు ఆ బండితోనే సామాన్లు తోలేవాడు.

ఆ బండికి ఇంజన్ డ్రైవర్ సీటు కింద ఉంటుంది. ఆ ఏడాది బాపుకు భక్తి మరీ పొంగింది... సీటు ఎత్తి ఇంజన్ మీద కూడా బకెట్‌తో నీళ్లు గుమ్మరించాడు. ఏడాదంతా కూడు పెట్టే తల్లి మురికితో పూజకు కూర్చుంటుందా అని!

లోపల నానమ్మ పీట మీద కత్తిపీట, సుత్తి, బండి పానా వరసగా పెట్టి బొట్లు పెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి దగ్గుతోందని బాపు ముషీరాబాద్‌లో కొత్త స్పార్క్ ప్లగ్గులు కొనుక్కొచ్చాడు. పండగ అయ్యాక వేద్దామని. వాటికీ బొట్లు పడ్డాయి.

"పూజల వెట్టినయి రేపటిదాంక ఎవ్వలు ముట్టొద్దు" అంది నానమ్మ. మా ఇంట్లో ఆమె మాటకు అప్పీలు లేదు. ఆ రోజు కూరగాయలు కూడా తరగనిచ్చేది కాదు, పప్పుతోనే సరిపెట్టుకోవాలి.

తర్వాత సాంబ్రాణి పొగ... ఇల్లంతా.

మా తమ్ముడికి పసితనం నుంచీ ఆయాసం. భోజనాల వేళకు వాడి రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. ఎప్పుడూ పోసే మందు పోసింది అమ్మ. తగ్గలేదు. కాసేపటికి డొక్కలు లోపలికి పోయి, పెదవులు నల్లబడ్డాయి. వాడు నా వైపు చూశాడు... ఆ చూపు ఇప్పటికీ నాకు నిద్రలో కనిపిస్తుంది.

వాడికి ఎప్పుడూ చూపించే డాక్టరు తార్నాకలో ఉంటాడు. బాపు పరుగున వెళ్లి తాళం తిప్పాడు. కుయ్... కుయ్... అంతే. మళ్లీ తిప్పాడు. టైర్ల కింద పెట్టిన నిమ్మకాయలు పెట్టినట్టే ఉన్నాయి.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పొద్దున పోసిన నీళ్లు ప్లగ్గుల గుంటల్లో నిలిచాయి. అసలే అరిగిన ప్లగ్గులు... పూర్తిగా చచ్చిపోయాయి.

పండగని చుట్టుపక్కల వాళ్లంతా ఊళ్లకు పోయారు. హాస్టళ్లు ఖాళీ. రోడ్డు మీద ఆటో కాదు కదా, సైకిల్ కూడా లేదు. మాకు ఫోనూ లేదు.

అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుంది. "బండి లేసేదాంక నేను కూసోను. ఉరుకుత. తొవ్వల కలువుండ్రి" అని చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయింది.

బాపు ఇంట్లోకి వచ్చాడు. పీట ముందు నిలబడి చెయ్యి చాపాడు... చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, పసిపిల్లాడిలా నానమ్మ మొహంలోకి చూశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తీసుకో బాపూ అని అరిచాననే గుర్తు.

నానమ్మ తనే వంగింది. పానా, ప్లగ్గులు తీసి బాపు చేతిలో పెట్టింది. "పో బిడ్డా. పాపముంటే నాకే తగలనీ. నేను ముసల్దాన్ని."

బాపు ప్లగ్గుల గుంటల్లో నీళ్లన్నీ గుడ్డతో అద్ది తీశాడు. పాత ప్లగ్గు ఒకటి విప్పడం, కొత్తది పెట్టడం, దాని వైరు దానికే తగిలించడం... అన్నీ ఒకేసారి విప్పితే వైర్లు తారుమారవుతాయని. నేను నానమ్మ పాత చీర ముక్కతో వైర్లు తుడిచి అందిస్తున్నాను. కొత్త ప్లగ్గును ముందు చేత్తోనే తిప్పాలి. తొందరపడి పానా వేస్తే మర తెగుతుంది, ఇక బండి లేవదు. బాపు చేతులు వణుకుతుంటే ప్లగ్గు మరలో కూర్చోదు. "నిమ్మళం... నిమ్మళం" అని తన చేతులకే చెప్పుకుంటున్నాడు. కళ్లలోంచి నీళ్లు ఇంజన్ మీద పడుతున్నాయి. ఆయన ఏడవగా నేను చూసింది అదే మొదలు.

ఆఖరి ప్లగ్గు బిగించి తాళం తిప్పాడు. కుయ్... కుయ్... ఢబ్బుమని ఒక పేలుడు, నల్లటి పొగ, తర్వాత చప్పుడు! నిమ్మకాయలు చితికిపోయాయి.

తార్నాక రోడ్డు మలుపులో అమ్మ కనిపించింది. ఇక పరుగెత్తలేక తూలుతూ నడుస్తోంది. తమ్ముడి తల ఆమె భుజం మీద వాలిపోయి ఉంది. వాడు ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండు దేవుడా అనుకున్నాను.

డాక్టరు అమ్మ చేతుల్లోంచి వాణ్ణి లాక్కుని లోపలికి పోయాడు. మేం మెట్ల మీద కూర్చున్నాం. బాపు అరచేతుల్లో గ్రీజు, కుంకుమ కలిసిపోయి ఉన్నాయి. ఎంతసేపటికో లోపల్నుంచి సూది నొప్పికి తమ్ముడు గట్టిగా ఏడ్చాడు... అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంటికొచ్చేసరికి కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. సాంబ్రాణి గిన్నె బయట పెరట్లో ఉంది. నానమ్మ తమ్ముడి ఒళ్లంతా తడిమి, బాపు దగ్గర పానా అడిగి తీసుకుంది. మళ్లీ పూజలో పెడుతుందనుకున్నాను. తిన్నగా బండి దగ్గరకు వెళ్లి సీటు కింద పెట్టింది.

"దీని జాగ ఇదే. ఇగ దీన్ని ఇంట్లకు తేకుండ్రి."

ఆ తర్వాత ప్రతి ఆయుధ పూజకూ నానమ్మే బయటికొచ్చి, సీటు కిందకు వంగి దానికి బొట్టు పెట్టేది.

నానమ్మ పోయింది. బాపూ పోయాడు. బండి ఎప్పుడో తుక్కులో కలిసింది. ఇప్పుడు తమ్ముడి కారు బానెట్ ఎత్తితే నల్ల ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనిపించదు... కాస్త దగ్గితే సర్వీస్ వాళ్లే వచ్చి తీసుకుపోతారు. ఫోన్ చేస్తే అంబులెన్స్ గుమ్మంలోకి వస్తుంది. మంచిదే. మా అమ్మలా ఇంకెవరూ పరుగెత్తకూడదు.

ఆ పానా ఆ కారుకు సరిపోదు. అయినా వాడి సీటు కిందే ఉంది. మొన్న పండక్కి కూడా, జేబులో ఇన్‌హేలర్ పెట్టుకుని, వంగి దానికి బొట్టు పెట్టాడు మా తమ్ముడు.

మీ ఇంట్లోనూ ఇలా పూజ గదిలోకి రాని వస్తువేదైనా ఉందా? ఉంటే దాని కథ చెప్పండి... వినాలని ఉంది.