బండికి అబద్ధం చెప్పే పెట్టె

మా వియ్యంకుడు ఆరు నెలలు ఉండడానికి హైదరాబాద్ నుంచి ఎడిన్‌బర్గ్ వచ్చినప్పుడు పచ్చళ్లు తెచ్చాడు, సకినాలు తెచ్చాడు, సలహాలు తెచ్చాడు. పచ్చళ్లూ సకినాలూ నెలలోపే అయిపోయాయి.

కంప్యూటర్ ఉద్యోగం పోయాక నా కొడుకు ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు బిగించే పని నేర్చుకున్నాడు. నిచ్చెనలు, పనిముట్లు మోయడానికి ఒక పికప్ కొన్నాడు. సొంత బండి ఉన్నవాడినే ఆ పనికి పిలుస్తారు. బండి మూలపడితే వాడూ మూలపడతాడు. అందుకే దాన్ని నేను అన్నం వండే గిన్నెలాగే చూస్తాను. ఎక్కేటప్పుడు చేత్తో తాకి కళ్లకద్దుకుంటాను. ఎవరు నవ్వినా నాకు లెక్కలేదు.

అలాంటి బండి వెనక ఒక కారవాన్ తగిలించారు. మంచాలు, పొయ్యి, సింకు అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. ఎవరో వాడుకుని అమ్మేసింది. ఉన్న ఇల్లు ఊడ్చుకోలేక చస్తుంటే ఇంకో ఇల్లు దేనికన్నాను. "హోటల్ ఖర్చు ఉండదమ్మా" అని వాడు నా నోరు మూయించాడు. నా నోరు ఎక్కడ మూతపడుతుందో వాడికి బాగా తెలుసు.

మొదటిసారి ఉత్తరాన కొండల వైపు వెళ్లినప్పుడు ఎత్తు మీద బండి రొప్పింది. వెనక కార్లు బారులు తీరాయి. ఒకడు మమ్మల్ని దాటిపోతూ అద్దం దించి ఏదో అన్నాడు. నాకు మాట తెలియలేదు గానీ అది తిట్టని తెలిసింది. ముందు సీటు మా వియ్యంకుడిదే, ఎప్పుడూ. అక్కడ కాళ్లు బారజాపుకుని, "అల్లుడా, దీనికి దమ్ము లేదు" అన్నాడు. నా కొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

ఇంటికొచ్చాక ఆయన ఫోన్ ముందేసుకుని కూర్చున్నాడు. వారం తిరక్కుండా బండి రొప్పడానికి రెండు కారణాలు కనిపెట్టాడు. ఒకటి, ఇంజిన్‌కు పవర్ చాలదు. రెండు, కారవాన్‌కు వాస్తు లేదు.

మొదటిదానికి మందు ఒక చిన్న నల్ల పెట్టెలో వచ్చింది. నేను బట్టలు ఆరేయడానికి బయటికి వెళ్తే మామా అల్లుడూ బానెట్ ఎత్తి తలలు లోపల పెట్టారు.

"ఏందన్నా అది?"

"ట్యూనింగ్ బాక్స్ అక్కా. డీజిల్ సరిపోతలేదని ఇంజిన్‌కు చెప్తది. అది ఇంకింత పోస్తది. పవర్ పెరుగుతది."

"నిజంగనే సరిపోతలేదా?"

"సరిపోతది. గానీ గట్ల చెప్తది."

"అంటే అబద్ధం చెప్తదన్నట్టు."

"అబద్ధం కాదక్కా, టెక్నిక్."

"ఎద్దుకు కల్లు తాపి గుంజిపిచ్చుడు గూడ టెక్నికే. తెల్లారి ఎద్దు లేవకపోతే కాడి మీరు మోస్తరా?"

నా కొడుకు నవ్వబోయి, మామ ముఖం చూసి ఆపుకున్నాడు. నేను వాడి వైపు తిరిగాను.

"కొడుకా, బండి ఖరాబైతే పనికి దేని మీద పోతవ్? నిచ్చెన భుజానేసుకుని బస్సెక్కుతవా?"

"ఏం కాదమ్మా. మామ అంత చూసిండు."

"మామ చూసిండు. నువ్వు చూసినవా?"

వాడు మళ్లీ బానెట్ కింద తల పెట్టాడు. వియ్యంకుడు మాత్రం చేతులు తుడుచుకుంటూ, "అక్కా, నువ్వు రెండో తరగతి. గివి నీకు సమజ్ కావు" అన్నాడు.

"రెండో తరగతిల అబద్ధం చెప్పొద్దనే నేర్పిండ్రన్నా" అని తడి బట్ట గట్టిగా దులిపాను. కొన్ని చుక్కలు ఆయన మీద పడ్డాయి. పడాలనే దులిపాను.

అలాంటివి బిగిస్తే ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలని ఆ సాయంత్రం కోడలు కూడా అంది. ఇంకోసారి కొండలకు పోయి వచ్చాక తీసేస్తానని వాడు తప్పించుకున్నాడు.

రెండో వైద్యం బయల్దేరే పొద్దున జరిగింది. ఆయన ఫోన్‌లో దిక్కులు చూసుకుంటూ కారవాన్ చుట్టూ ప్రదక్షిణ చేశాడు. మా వాకిట్లో నిలబెట్టినప్పుడు దాని నైరుతి మూల సరిగ్గా తోక దగ్గర పడింది. బరువు నైరుతిలో ఉండాలని బియ్యం బస్తా, గ్రైండర్, పెద్ద కుక్కర్, నీళ్ల క్యాన్లు, అన్నీ ఆ వెనక మూలకే చేర్పించాడు.

"ఇల్లు కదలదు గనక దానికి దిక్కులుంటయన్నా. ఇది తిరిగేది గదా, దీనికేం నైరుతి?"

"నిలబడితే ఇల్లే గదక్కా."

నా కొడుకు బస్తా భుజాన పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. ఏదో అనబోతున్నాడనుకున్నాను. అనలేదు. మోశాడు.

కోడలికి హాస్పిటల్‌లో డ్యూటీ పడింది కాబట్టి రాలేదు. నాకూ వెళ్లే మనసు లేదు, కానీ ఆ బండిని ఈయన చేతిలో వదలలేక వెనక సీటెక్కాను.

ఎత్తు రాగానే బండి రివ్వున ఎక్కేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఎక్కింది. ఆయన చప్పట్లు కొట్టి వెనక్కి తిరిగాడు. "చూసినవా అక్కా?" నేను కిటికీలోంచి గొర్రెలను చూశాను.

అవతల దిగేటప్పుడు మొదలైంది. కారవాన్ ముందు కొద్దిగా తోక ఊపింది. తర్వాత ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు. ప్రతి ఊపుకూ బండి వెనక భాగాన్ని గుంజుతోంది, నన్ను తలుపుకేసి కొడుతోంది. ఎదురుగా లారీ వస్తోంది.

"బ్రేక్ కొట్టు అల్లుడా, కొట్టు!"

"కొట్టద్దు మామా! కొడితే బోర్ల పడ్తం!"

నేను విన్నంతలో వాడు మామ మాట కాదనడం అదే మొదలు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని కూర్చున్నాడు. లారీ పక్కనుంచి వెళ్లిపోయింది. ఊపు మెల్లగా తగ్గింది. ముందు రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే జాగా కనబడితే అక్కడ ఆపాడు. అప్పుడు చూశాం, స్టీరింగ్ వెనక పసుపు దీపం వెలుగుతోంది. ఇంజిన్‌కు ఏదో అయిందన్న గుర్తు.

"గాలికి ఊగింది, గంతే" అన్నాడు వియ్యంకుడు కిందికి దిగి.

నా కొడుకు చక్రం దగ్గర కూలబడి ఉన్నాడు. తల ఎత్తకుండానే, "గాలి కాదు మామా. బరువు వెనక పెడితే తోక ఊపుతది. చక్రాల మీద పెట్టాలని లోపల తలుపుకే బొమ్మ అతికిచ్చి ఉంది. మీరు నైరుతి అన్నరు" అన్నాడు.

అప్పటిదాకా నా కోపమంతా ఆయన మీదే.

"తెలిసే పెట్టినవా?"

"మామ మాట ఎట్ల తీసేస్తనమ్మా?"

"నా మాట తీసేసినవ్ గదరా, గట్లనే!"

ముప్పయ్యేళ్లు దాటిన కొడుకును అంతకుముందు ఎన్నడూ రోడ్డు మీద అలా తిట్టలేదు. తిట్టాను. వినేవాళ్లకు తెలుగు రాదు కదా అని ఇంకొంచెం తిట్టాను.

సామాను సర్దుదామని వాడు లేస్తే వియ్యంకుడు అడ్డం వచ్చాడు. దారి మధ్యలో కదిలిస్తే అపశకునమట.

"సరే అన్నా. ఫోన్ తీయి. ఇప్పుడు నైరుతి ఎటుందో చూడు."

ఆయన తీశాడు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఎటుందన్నా?"

"ముందటికుంది."

"మరి శాస్త్రం ప్రకారం ముందటికి మోయి. నిలబడితే ఇల్లే గదా."

చినుకుల్లో బియ్యం బస్తా ఆయనే మోశాడు. నా కొడుకు లోపల నిలబడి, మరీ ముందుకు కాదని, చక్రాల మీదుగా నడిమిట్లో పెట్టించాడు. నేను గొడుగు పట్టుకుని చూశాను. ఆయన మీద పట్టలేదు.

పెట్టె ఊడదీసినా పసుపు దీపం ఆరలేదు. కొండలు చూడకుండానే వెనక్కి మళ్లాం. తిరుగు దారిలో ముందు సీట్లో నేను కూర్చున్నాను. లెమ్మని ఎవరూ అనలేదు.

సోమవారం పొద్దున వాడు తాళం తిప్పితే దీపం వెలిగే ఉంది. ఆపి మళ్లీ తిప్పాడు. వెలిగే ఉంది. కిటికీ దగ్గర నా చాయ్ చల్లారిపోయింది. మూడోసారి తిప్పాక, దీపం ఆరిందన్నట్టు వాడు లోపలి నుంచి నా వైపు చూసి తలూపాడు. నిచ్చెనలు కట్టుకుని పనికి పోయాడు. బండి చప్పుడు మలుపు దాటేదాకా నేను కదల్లేదు.

వెనక్కి తిరిగితే వియ్యంకుడు వంటింట్లో సొరుగులు లాగుతున్నాడు.

"అక్కా, ఆ పెట్టె ఏది? వాపస్ పంపి ఇంకింత మంచిది తెప్పిస్త."

"నాకేం తెలుసన్నా? నేను రెండో తరగతి."

అది పాత పెరుగు డబ్బాలో, మెంతుల కింద ఉంది. పంపిస్తే డబ్బులు తిరిగొస్తాయని నాకు తెలుసు. అయినా తీయలేదు. ఆయన ఇంకో సొరుగు లాగాడు. నేను చాయ్ మళ్లీ వేడి చేసుకున్నాను. ఒక్క కప్పే.