ఆయన చదివిన పేజీ

మా ఆయన మిరప కళ్ళంలో పడిపోయిన రోజు నేను బడిలో ఉన్నాను. ఎండబోసిన కాయలు తిరగేస్తూ ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయారట. పక్క కళ్ళంవాళ్ళు వడదెబ్బ అనుకుని మొహాన నీళ్ళు కొట్టి, చెట్టు నీడన పడుకోబెట్టారు. గుంటూరు తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, నోరే తిరగదు. చేలో ఈ చివర నుంచి ఆ చివరకు కేకేసి కూలీలతో మాట్లాడే మనిషి, మంచినీళ్ళు కావాలన్నా కళ్ళతో అడగాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక, వ్యాయామాలు చేయించడానికి చిలకలూరిపేట నుంచి ఒకమ్మాయి వచ్చేది. మొదటిరోజే చెప్పింది. "రోజూ ఏం కదిలిందో రాసిపెట్టండి మేడమ్. గుర్తుంటుందిలే అనుకుంటారు, ఉండదు."

ముందు ఫోన్లో రాద్దామనుకున్నాను. కానీ నా ఫోన్ నాది కాదు, బడిది. పిల్లల హాజరు అందులోనే, మధ్యాహ్న భోజనం ఫొటోలు అందులోనే. ఆయన బొటనవేలి గురించి ఒక ముక్క రాయబోతే, ఏదో వివరం వెంటనే పంపమని మెసేజ్ వచ్చి పడేది. దాంతో విసుగొచ్చి ఇంట్లో ఖాళీగా పడున్న ఒక పొడుగు నోటుపుస్తకం తీశాను.

మొదట్లో అన్నీ పొడిపొడి మాటలే. 'మజ్జిగ తాగారు, పొలమారలేదు.' 'బొటనవేలు కదిలినట్టుంది.' ఉదయం పొయ్యి మీద అన్నం ఉడికేలోపు రాసేదాన్ని. కుదరకపోతే బడిలో, పిల్లలు కంచాలు కడుక్కునే వేళ వరండాలో కూర్చుని రాసేదాన్ని. ఎప్పుడు మొదలైందో తెలీదు గానీ, ఆయన వేళ్ళ పక్కన నా నడుం కూడా వచ్చి చేరింది. తర్వాత నా నిద్ర, నా కోపం.

పగలు ఆయన్ని మా వదిన చూసుకునేది. ఆయన అక్క. కబురు తెలిసి కనిగిరి నుంచి వచ్చి, మరి వెళ్ళలేదు. ఆమెకు నా రాత వింతగా ఉండేది.

"ఏందమ్మా, బడిలో రాసింది చాలక ఇంటికాడ కూడానా? కాసేపు నడుం వాల్చరాదూ?"

"ఇది రాస్తేనే నడుం వాల్చినట్టుంటుంది వదినా" అన్నాను. ఆమె నమ్మలేదు. నిజానికి నాకూ అప్పుడు అంత నమ్మకం లేదు.

వానలు మొదలయ్యాయి. ఒకరోజు వ్యాయామాలు చేయించే అమ్మాయితో, "ఏమీ మారలేదమ్మా, ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు" అన్నాను. ఆమె పుస్తకం అడిగి తీసుకుని, వెనక్కి తిప్పి చదివింది. వేసవిలో ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టాలంటే ఇద్దరం పట్టాల్సి వచ్చేదట, ఇప్పుడు నేనొక్కదాన్నే చాలు. నా చేత్తో నేనే రాసుకున్నాను, నాకే గుర్తు లేదు. ఆ అమ్మాయి వెళ్ళాక నేనూ తిప్పి చూశాను. కొన్ని రోజుల అక్షరాలు గుండ్రంగా, గీత మీద నిలబడి ఉన్నాయి. కొన్ని రోజులవి గీత వదిలేసి కిందికి జారిపోయాయి. ఆ రోజుల్లో నేనెలా ఉన్నానో చదవక్కర్లేకుండానే తెలిసింది.

ఇక అసలు సంగతి. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వదిన పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఆయన కుర్చీలో ఉన్నారు. ఒళ్ళో నా పుస్తకం తెరిచి ఉంది. కిటికీలో పెట్టి మర్చిపోయాను. గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన ఏ పేజీ చదువుతున్నారో దూరం నుంచే గుర్తుపట్టాను. అక్షరాలన్నీ కిందికి జారిన పేజీ అది.

'ఇవాళ ఇంటికి రావాలనిపించలేదు. ఆటో మన సెంటర్లో ఆగకుండా అలా ముందుకు వెళ్ళిపోతే బాగుండుననిపించింది' అని ఉంది అందులో.

"అది... ఆ రోజు ఒంట్లో బాలేదండీ" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపి, ఎడమచెయ్యి చాపారు. పెన్ను ఇమ్మని. అప్పటిదాకా ఆ చేత్తో సంతకం కూడా పెట్టి ఎరగరు. పుస్తకం జారిపోకుండా నేను పట్టుకున్నాను. చాలాసేపు కష్టపడి, ఒకటో తరగతి పిల్లాడి రాతలా రాశారు.

'నాకూ.'

"నాకూ ఏంటండీ?"

వేలు తీసుకెళ్ళి 'ఆటో' అన్న మాట మీద పెట్టారు. అప్పుడు అర్థమైంది. ఆ కుర్చీలోంచి, ఆ ఇంట్లోంచి ఎటైనా వెళ్ళిపోవాలని ఆయనకూ ఉంది. నేను పక్కనే నేల మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. వినేవాళ్ళు దొరికాక వచ్చే నీరసం ఒకటుంటుందే, అది వచ్చింది. ఆయన చెయ్యి నా తల మీద వేశారు. వదిన వచ్చి, "ఏమైందే, ఇద్దరూ అట్టా ఉన్నారు?" అనేదాకా అలాగే ఉన్నాం.

ఆ తర్వాత నేను రాసినదాని కింద ఎప్పుడన్నా ఆయన ఒక ముక్క రాసేవారు. 'పప్పులో ఉప్పు లేదు.' 'అక్క గురక.' ఒకసారి, 'ఇవాళ నన్ను లేపొద్దు.' ఆ రోజు లేపలేదు.

ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడుస్తారు. మాట ముద్దగా వస్తుంది గానీ వస్తుంది. సేద్యం మాత్రం ఇక చెయ్యలేరు, పొలం కౌలుకిచ్చేశాం. వదిన వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. ఆమె చేసిన పనంతా ఇప్పుడు నా మీదే. పుస్తకం రాయడం వల్ల నా అలసట తగ్గిందని చెప్పను. అది నా నోటి నుంచి ఆయన మీద పడకుండా కాగితం మీద పడింది, అంతే. ఆ కాస్త తేడాతోనే నెట్టుకొచ్చాను.

మొన్న కౌలు రైతు వచ్చి, మిరప తోటలో అక్కడక్కడా ఆకుముడత కనిపిస్తోందని చెప్పాడు. ఈయన దవడ బిగించి, ఒక్కో మాటే కూడదీసుకుని, "మందు... ఇప్పుడే... కొట్టమాక" అన్నారు. నావైపు చూడకుండానే అతను, "సరే బాబాయ్" అన్నాడు. ఆయన మాటను నేను విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

అది రాసుకున్నాను. దాని కింద, 'మోకాళ్ళు లాగుతున్నాయి. రేపు బడిలో పరీక్షలు' అని రాసి, పుస్తకం మూసి పడుకున్నాను.