చింతపండు గుజ్జు అనుకుని

నేను పరాయిదేశంలో, మనురేవా అనే ఊళ్ళో, ఓ బట్టల షాపులో పనిచేస్తాను. నాతోపాటు పనిచేసే వియత్నాం అమ్మాయి లిన్, పోయిన చలికాలం ఓ ఆదివారం నన్ను భోజనానికి పిలిచింది. వాళ్ళమ్మ రెండు రకాల నూడుల్స్ సూపులు పెట్టి, ఏది బాగుందో చెప్పమంది. ఫో అనేది మిరియాలు తక్కువైన చారులా తేటగా, చప్పగా ఉంది. ఎర్రగా నూనె తేలుతున్న బున్ బో చూడగానే ప్రాణం లేచొచ్చింది. పులుపొక్కటే తక్కువనిపించింది. పక్కన గిన్నెలో చింతపండు గుజ్జు కనబడితే, అడక్కుండా రెండు చెంచాలు కలిపేసి నోటినిండా పెట్టుకున్నాను.

అది ఉప్పేసి మురగబెట్టిన రొయ్యల ముద్దట! చేపల మార్కెట్ మురిక్కాలవ నోట్లోకి మళ్ళినట్టయింది. పెద్దావిడ ఎదురుగా నవ్వుతూ చూస్తుంటే ఉమ్మలేక, కళ్ళనీళ్ళతో మింగాను.

"అంత వేసుకుని తిన్నవాళ్ళని మా అమ్మ ఇంతవరకూ చూళ్ళేదట!" అంది లిన్. ఆవిడ సంబరంగా ఓ సీసాడు కట్టిచ్చింది.

పారేద్దామని ఇంట్లో మూత తీశానో లేదో, మా భీమవరం శ్రీవారు పరిగెత్తుకొచ్చారు.

"అచ్చం మా అమ్మ చేసే రొయ్యపొట్టు వాసనే! అన్నం ఉందా?"

వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. పదకొండేళ్ళ కాపురంలో ఆయన్ని చూసి నాకు డోకు రావడం అదే మొదటిసారి.

చప్పనిదాని విలువ నాకు ఆ రోజు తెలిసొచ్చింది. ఆయనకి మాత్రం సీసా అయిపోవస్తోందని బెంగ.