విలన్ మామ ఎత్తిన గంప

“ఆ మనిషి చెయ్యేస్తే మా కోడలు పీటల మీదికి రాదు. యాడికి ఎత్తుకోని పోతాడో ఎవురికి తెలుసు?”

“ఏం మాట అత్తా అది! వాడు నా తోడబుట్టినోడు. మేనమామ కాకపోతే గంప ఇంగెవురు ఎత్తాల?”

“ఎవురన్నా ఎత్తండి. నేను కండ్లారా చూసినా. పందిట్లోంచి పిల్లను భుజానేసుకోని గుర్రమెక్కినాడు.”

“అది సినిమా అత్తా!”

“ఆ పిల్ల ఏడ్సింది నిజమే కదమ్మా?”

ఆ చివరి మాటకు మా అమ్మ నెత్తి కొట్టుకుంది. వాదిస్తున్న పెద్దామె, ధర్మవరం నుంచి వచ్చిన నా పెండ్లికొడుకు వాళ్ల అవ్వ. నా పెండ్లికి ముందురోజు సాయంత్రం, పెనుకొండలో మా ఇంటి ముందు పందిట్లో జరిగిన తగువు ఇది. ఇన్నేండ్ల తర్వాత, మొన్న నా మనవరాలు ఫోనులో పాత సినిమా ముక్క ఒకటి పెట్టి, “అవ్వా, ఈ విలన్‌ను చూడు, ఎట్ల నవ్వుతాండాడో!” అంది. అరచేతంత అద్దంలో మా మామ. గుర్రం మీద, మెళ్లో పులిగోరు, భుజాన ఎవరి పిల్లో. ఛార్జింగు దండగ, ఆపమన్నాను. ఆపిన తర్వాత మళ్లీ పెట్టమన్నాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మద్రాసులో ఉండేవాడు. తెర మీద కత్తి దూసే ఆ మనిషి మా ఇంటికొస్తే, వాకిట్లో కోడిపుంజు ఎదురైతే పక్కకు తప్పుకుని, అది పోయేదాకా నిలబడేవాడు. హిందూపురం టెంటులో ఆ సినిమా ఆడినప్పుడు మేము నేల టికెట్టు కొనుక్కుని ఇసుకలో కూర్చున్నాం. ఆయన పిల్లను ఎత్తుకుపోయే చోట ఆడవాళ్లంతా శాపనార్థాలు పెడుతూ తెర మీదికి ఇసుక విసిరారు. సొంత తమ్ముడని తెలిసి కూడా మా అమ్మ రెండు చేతులతో విసిరింది. ఇంటికి వచ్చాక, వాడు బాగా చేసినాడని కండ్లు తుడుచుకుంది.

మావైపు పెండ్లికూతురు తన కాళ్లతో నడిచి పీటల మీదికి రాకూడదు. వెదురుగంపలో కూర్చోబెట్టి మేనమామే మోసుకురావాలి. మామ పెండ్లి చేసుకోలేదు. ఆయనకు తోడబుట్టింది మా అమ్మ ఒక్కతే, ఆమెకు నేనొక్కదాన్నే ఆడపిల్లను. కాబట్టి ఆయన జన్మలో ఎత్తగలిగిన గంప నాదొక్కటే. నేను పలకా బలపం పట్టుకుని బడికి పోయిన ఆ కొద్ది రోజుల నుంచీ, “పాపా, నీ గంప నాది,” అనేవాడు.

ఆ సాయంత్రం పెట్రోమాక్స్ దీపం బుస్సుమంటోంది. పెనుకొండ కొండ చీకట్లో కరిగిపోతోంది. ధర్మవరం నుంచి వచ్చిన పట్టుచీరల వాసన, మల్లెల వాసన, కొత్త పందిరాకుల పచ్చివాసన కలిసిపోయాయి. ఇన్నేండ్లకు నా తలలో ఆ సినిమా గుర్రం కూడా మా పందిట్లోనే ఎక్కడో కట్టేసి ఉన్నట్టు, గుంజ దగ్గర సకిలించినట్టు అనిపిస్తుంది. మామ గోడ అవతల నిలబడి అన్నీ విన్నాడు. లోపలికొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“పెద్దామె చెప్పేది న్యాయమే పాపా. రేపు పొద్దున బండికి నేను పోతా. నువ్వు ఏడ్వాకు, కాటిక కారుతాది.”

ఊళ్లన్నీ హడలిపోయిన నవ్వు ఆయనది. ఆ పూట ఆ నవ్వు జాడే లేదు. నేను లేచి నేరుగా పందిట్లోకి పోయాను. పెండ్లికూతురు అట్లా పోకూడదంటూ ఎవరో వెనకనుంచి చెయ్యి లాగారు.

“మామ ఎత్తకపోతే నేను గంపలో కూచోను. మీరు ఎట్లొచ్చినారో అట్ల ధర్మవరం పోండి,” అన్నాను.

మేళగాళ్లు కూడా నోరు తెరుచుకుని చూశారు. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది.

“అబ్బ, దీనికి నోరుండాదే! సరే, ఎత్తనీ. దీని కొంగు మాత్రం నా పిడికిట్లో ఉండాల. నేనూ పక్కనే నడుస్తా.”

మామ గడప దాటి వచ్చి చేతులు జోడించాడు. “నా గుర్రం మద్రాసులోనే ఉండాది పెద్దమ్మా, భయపడాకండి.”

అందరూ నవ్వారు, ఆమె తప్ప.

ఆ అవ్వ, మా అమ్మ, మామ, నా పక్కన పీట మీద కూర్చున్న ఆయన, ఆ తర్వాతి ఏండ్లలో ఒకరి వెనక ఒకరు పోయారు. ఎవర్నీ అడగకుండా మా వాళ్లను ఎత్తుకుపోయింది కాలమే గానీ, మా మామ కాదు.

పెండ్లినాటి పొద్దున మేళం మొదలవగానే మామ నడుముకు తువ్వాలు బిగించి గంప ఎత్తాడు. పిల్లలు గోడలెక్కి చూశారు. అవ్వ నా కొంగు పిడికిట బిగించి పక్కనే నడిచింది. పీటల దగ్గరికి వచ్చేసరికి గంప ఒక పక్కకు ఒరగసాగింది. అవ్వ కొంగు వదిలేసి, గంపకు రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ కలిసి నన్ను పీట మీద దించారు.