మా వలసకి పెద్ద

నేను పుట్టింది పురంలో. ఆ పురంలో ఒక బావి, పాతిక కొంపలు, లెక్కలేనన్ని మేకలు ఉండేవి. అయినా పేరు చివర పురం ఉంది గనక మా అమ్మ దృష్టిలో అది విజయనగరం కోటకి ఒక్క మెట్టు కింద, అంతే. అందుకే అరవైల చివర్లో చీపురుపల్లి అవతల ఒక వలస నుంచి నాకు సంబంధం వచ్చినప్పుడు ఆవిడ మంచం పట్టినంత పని చేసింది.

"వలసకి పిల్లనిస్తామేటి? ఆల్లు ఎక్కడోల్లో, ఎందుకొచ్చినారో!"

మా వైపు వలసలు అడుగడుగునా ఉంటాయి. బతకలేక ఉన్న ఊరు వదిలి, ఎవరి బీడులోనో తుప్పలు కొట్టి, పాకలేసుకుని ఆగిపోయినవాళ్ల చోటుని వలస అన్నారు. పెద్ద ఊళ్లవాళ్లకి ఇది మహా సౌకర్యంగా కుదిరింది. వచ్చినవాళ్లు అని ఒకసారి పేరు పెట్టేస్తే, వాళ్లకి మనవలు పుట్టినా, ఆ మనవలకి బట్టతల వచ్చినా, అందరూ నిన్న సాయంత్రం దిగినవాళ్ల కిందే లెక్క.

మా అత్తవారి వలస ఎలా పుట్టిందో పెళ్లికి ముందే రకరకాలుగా విన్నాను. నాగావళి వరద అని వలసవాళ్లు చెప్పారు. ఎడ్ల దొంగతనం అని పెద్ద ఊరివాళ్లు చెప్పారు. మా అమ్మ రెండూ నమ్మింది. తండ్రి భుజాల మీద కూర్చుని ఆ చోటికి వచ్చిన మా ఆయన తాత ఇంకా బతికే ఉన్నాడు గాని, ఆయన్ని అడగాలని ఎవరికీ తోచలేదు. పెళ్లయ్యాక నేనడిగితే "ఆకలమ్మా" అని ఊరుకున్నాడు.

మాలో పెళ్లి మగపెళ్లివారింట జరుగుతుంది. తాళికి ముందు మొదటి తాంబూలం ఊరి పెద్ద అందుకోవాలి. వలసకి పెద్ద ఉండకూడదు. ఉంటే అది ఊరైపోతుంది కదా, అంత ఘోరం ఎవరు ఓర్చుకుంటారు! కాబట్టి కాలువ అవతల పెద్ద ఊరి పెద్ద దయచేసి ఆకూ వక్కా అందుకుంటే గాని వలసలో ఎవరికీ పెళ్లి కాదు.

నా పెళ్లినాడు ఆయన దయచెయ్యలేదు. కబురు పెడితే తలంటుకుంటున్నారన్నారు. మళ్లీ పెడితే ఫలహారం చేస్తున్నారన్నారు. నేను బాసికం కట్టుకుని పీటల మీద చెమటలు కక్కుతున్నాను. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే మా చిన్నాన్నకి చేతిగడియారం ఉంది. దాన్ని చూసి, పంతులుగారిని చూసి, మళ్లీ దాన్నే చూస్తున్నాడు.

"ముహూర్తం దాటిపోతన్నాది బావా. దాటిందంటే పిల్లని తీసుకెల్లిపోతాం" అన్నాడు మా నాన్న, మా మామగారితో. మా అమ్మ మొహంలో కాస్త ఆశ కనిపించింది.

మామగారు చేతులు నలుపుకున్నారు. "ఆయన రాకుండా ఎలాగ బావా? రేపు మా మడులకి కాలవ నీల్లొదల్రు."

పీటల మీంచి లేచి వచ్చేసిన పిల్లని మళ్లీ ఎవరు చేసుకుంటారు? నాకు చాలా భయమేసింది. నాకు భయమేస్తే కోపమొస్తుంది.

"మావా, ఈ తుప్పల్లోకి మొదట ఒచ్చినోల్లల్లో తాత బతికే ఉన్నాడు కదా. ఆ తాంబూలం తాతకే ఇయ్యి."

పెళ్లికూతురు నోరు తెరవడం అక్కడ అదే మొదలట. సన్నాయి ఆగిపోయింది. పంతులుగారు మంత్రం మింగేశారు. తాత పందిరి చివర గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరి పెళ్లిలోనైనా ఆయన చోటు అదే. మామగారు కదల్లేదు. అప్పటికి నాతో ఒక్క మాటైనా మాట్లాడని మా ఆయన పీటల మీంచి లేచి, తాంబూలం పళ్లెం తీసుకెళ్లి తాత చేతుల్లో పెట్టాడు. తాత దాన్ని పట్టుకుని ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చి తల వంచుకున్నాను. అలా వంచిన మెడలోనే తాళి పడింది.

పెద్ద ఊరి పెద్ద ఎడ్లబండి దిగేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి.

"తాంబూలమేదిరా?" అన్నాడు పందిట్లోకి వస్తూనే.

తాత మెల్లిగా ముందుకొచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి బల్ల దులిపాడు.

"రండి బావూ, కూకోండి. మా ఊరొచ్చినారు, బోజనం సేసి ఎల్లండి."