తెల్ల దుప్పటి మీద నాగలి కథ

మా ముత్తాత ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచేవారు. మా నాన్న మాలీపటేల్. ఆయన పంచాయితీ చెప్పాక ఇంకో మాట ఉండేది కాదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటాను.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, మా ఊరి పటం కథలు చెప్పే ముసలాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నాగలి పుట్టుక మొదలు పంట ఇల్లు చేరేదాకా కథంతా బొమ్మలుగా రాసిన పొడవైన గుడ్డ ఆ పటం. మా తాత రాయించి ఆ ముసలాయన ఇంటివాళ్లకిచ్చాడు. కోతలయ్యాక ఊరూరా తిరిగి, ఒక్కో బొమ్మా విప్పి, కర్రతో చూపిస్తూ చెప్పేవారు. వానాకాలం తడవకుండా మా గడీ దూలానికి వేలాడదీసి వెళ్లేవారు. పటం వాళ్లది. దాచడం మా వంతు.

గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను రమ్మనలేదు. ఎల్బీనగర్‌లో ధూంధాం సభ ఉందనీ, పాటలవాళ్లతో పాటు తననూ పిలిచారనీ, అంతమంది ముందు చెప్పడం ఈ జన్మలో మళ్లీ దొరకదనీ చెప్పి పటం అడిగాడు.

సామాన్లలో ఎక్కడో ఉంది, వెతికి పెడతానన్నాను. అప్పటికే అమ్మేశాను. ఒకరి సొత్తు అమ్ముకున్నామని మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ చెప్పి ఎరుగరు.

పై అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు, గుంటూరు వైపు మనిషి, మెట్లు దిగుతూ ఆగింది. "పెద్దాయన్ని ఎండలో నిలబెట్టారేంటండీ?"

ఆయనే నవ్వాడు. "మాకు అలవాటేనమ్మా. గడీ ముంగట నిలవడీ నిలవడీ కాళ్లు గిట్లయినయ్."

వారం తర్వాత మళ్లీ వచ్చాడు. ఇంకా వెతుకుతున్నానన్నాను.

ధూంధాం రోజు వెళ్లి జనం వెనక నిలబడ్డాను. ఎందుకు వెళ్లానో తెలియదు. రెండు కట్టెల మధ్య తెల్ల దుప్పటి కట్టారు. ఆయన ఆ ఖాళీ గుడ్డ మీద కర్ర ఆనించి ఇగో ఎద్దు, ఇగో కాడి అంటూ ఏ బొమ్మ ఉండే చోట ఆ బొమ్మను చూపించాడు. జనం మొదట నవ్వారు, తర్వాత చూశారు. ఎడమ మూలన మా తాత బొమ్మ ఉండేది, దానమిస్తున్నట్టు. కర్ర అక్కడికి పోలేదు.

కథయ్యాక నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఎలుకలు కొట్టినయా దొరా? జర చెప్పున్రి. సచ్చిన పటానికి మేం దినాలు జేసి నీళ్లల్ల కలుపుతం. అటెంకనే కొత్త పటం రాయించుకోవాలె."

"అమ్మిన," అన్నాను.

ఆయన కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అమ్మినదానికి దినాలు లెవ్వు. అది యాడనో బతికున్నట్టే. ఇగ నాకు కొత్తది లేదు."

ఎవరికి అమ్మానని అడిగాడు. చెప్పాను. నాకేమీ అనిపించలేదు. చంపాపేట్‌లో పాత సామాన్లు కొనే మనిషికి. గడీ తలుపులు, ఇత్తడి గంగాళాలు, పటం ఒకే ట్రాలీలో పోయాయి.