నల్ల పెట్టె వద్దన్న త్రినాధరావు

త్రినాధరావు కంప్యూటర్ కొనడానికి వెళ్ళిన రోజు ఆ కొట్లో నాలుగు పెట్టెలున్నాయి. మూడు నలుపు, ఒకటి బూడిద రంగు. ఏవో ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, రిటైరై, దుమ్ము దులిపించుకుని మళ్ళీ ఉద్యోగానికి వచ్చిన పెట్టెలవి. కొట్టు నడిపే సాయిశ్రీనివాస్ వాటిని విశాఖపట్నం నుంచి టోకున తెచ్చి, బాగుచేసి, రింగు రోడ్డు పక్కన చిన్న గదిలో పెట్టి అమ్ముతాడు.

"టీవీకి పెట్టుకుని సినిమాలు చూడ్డానికే కదండీ? నల్లదే తీసుకోండి. కొత్త మోడలు. ఒక్క వైరుతో బొమ్మా సౌండూ రెండూ వెళ్ళిపోతాయి," అన్నాడు సాయిశ్రీనివాస్.

త్రినాధరావు ఆ మాట చెవిన పెట్టలేదు. నాలుగు పెట్టెల ముందూ వంగి వంగి చూశాడు. బొటనవేలితో నొక్కాడు. ఒక్కొక్కటీ ఎత్తి బరువు చూశాడు. వాసన చూడలేదు గానీ, చూసినా సాయిశ్రీనివాస్ ఆశ్చర్యపోయేవాడు కాదు. అనకాపల్లిలో కొట్టు పెట్టుకున్నవాడికి బెల్లం మార్కెట్ మనుషుల వరస తెలియకుండా ఉండదు.

"ఇది కట్టు," అని బూడిద రంగు పెట్టె మీద చెయ్యి వేశాడు.

"అది బాగా పాతదండీ. దానికి ఈ నీలం తల వైరు తప్ప ఇంకోటి పట్టదు. స్పీకర్లు కూడా వేరే పెట్టుకోవాలి."

"నలుపు మూడో రకం. తెలిసి తెలిసి నలుపు కొంటానేటి?"

సాయిశ్రీనివాస్ నవ్వు ఆపుకుని నీలం తల వైరు ఒకటి వెతికి, ఊరికే ఇచ్చాడు. పెట్టె కడుతూ, ఇంట్లో ఎంతమంది చూస్తారండీ అని మాటవరసకి అడిగాడు.

"ఇద్దరం," అన్నాడు త్రినాధరావు.

అది అబద్ధం. అబద్ధమని కూడా అనలేం, ఆశ అనాలి. గవరపాలెంలో ఆయన అద్దెకుండే రెండు గదుల్లో ఆయన తప్ప ఇంకెవరూ లేరు. పెళ్ళి కాకపోలేదు. పెళ్ళయిన ఏడాదికే భార్య పాయకరావుపేటలోని పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగనూ లేదు. ఈ మనిషికి అడగడం చేతకాదు, చెప్పడమే వచ్చు. ఆ చెప్పడమే ఆయన ఉద్యోగం.

ముప్పై రెండేళ్ళు త్రినాధరావు బెల్లం మార్కెట్లో దేవీప్రసాద్ గారి కొట్టు తరఫున రంగు చెప్పిన గుమస్తా. రైతులు తెల్లారేసరికి బెల్లం దిమ్మలు తెచ్చి నేల మీద వరసలుగా పేర్చుతారు. త్రినాధరావు చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య నడుస్తాడు. ఒక దిమ్మ ఎత్తి, నీడలో పట్టుకుని చూసి, లేతగా ఉంటే మొదటి రంగు, ముదిరితే రెండో రంగు, ఇంకా ముదిరితే నలుపు అని గట్టిగా చెబుతాడు. ఆ మాట మీదే వేలంపాట మొదలవుతుంది. ఒకసారి చెప్పిన రంగు మళ్ళీ మార్చడు. మారిస్తే రేపటి నుంచి ఆ నోటికి విలువుండదు. ఆయన చెప్పిన రంగుకి షావుకార్లు మళ్ళీ దిమ్మ తిప్పి చూసేవారు కాదంటే, ఆ కంటికి ఎంత పేరో అర్థం చేసుకోండి.

ఇద్దరం అన్నప్పుడు త్రినాధరావు మనసులో ఉన్న ఆ రెండో మనిషి పేరు అబ్బులు. కె. కోటపాడు దగ్గర చెరకు పండించి, సొంతంగా బెల్లం వండే రైతు. ఇద్దరికీ చుట్టరికం లేదు, అయినా పాతికేళ్ళుగా బావా అంటే బావా అనుకున్నారు. సీజనంతా అబ్బులు వారానికోసారి సరుకు దించి, సాయంత్రం త్రినాధరావుతో మొదటాటకి వెళ్ళి, ఆ రాత్రికి అతని గదిలో పడుకుని పొద్దున్నే బస్సెక్కేవాడు. హాల్లో కూడా త్రినాధరావు ఉద్యోగం మానేవాడు కాదు. హీరోయిన్ చీర దగ్గర నుంచి విలన్ ఇంటి గోడ వరకు అన్నింటికీ రంగు చెప్పి, విశ్రాంతిలోనే తీర్పు ఇచ్చేసేవాడు: "రెండో రంగు సినిమా బావా." అబ్బులు పల్లీలు నములుతూ, "నోరు మూసుకుని సూడొచ్చు కదా బావా," అనేవాడు. త్రినాధరావు జీవితంలో సంసారం అనదగ్గది ఏదైనా ఉంటే అదే.

రెండేళ్ళ కిందట, రథసప్తమి వెళ్ళిన వారంలో, అబ్బులు సరుకు ముందు నిలబడి త్రినాధరావు "రెండో రంగు" అన్నాడు.

అబ్బులు బెల్లం అంతకుముందు ఎప్పుడూ రెండో రంగు కాలేదు. అబ్బులు అతని మొహంలోకి ఒక్కసారి చూశాడు. వచ్చిన ధర తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం సినిమాకి రాలేదు, ఆ పై వారం సరుకూ రాలేదు. స్నేహితుడని రంగు పెంచి చెబుతానా అని త్రినాధరావు కొన్నాళ్ళు తనలో తనే కోప్పడ్డాడు. తర్వాత కొన్నాళ్ళు ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యలేదు.

అదే సీజన్ ఆఖర్లో షావుకారు దేవీప్రసాద్ అతన్ని పిలిచి, "ఎండలో ఎందుకు త్రినాధా, లోపల కూర్చుని చీటీలు రాయి. ఆ తిరిగే పని ఎవరో ఒకరు చూసుకుంటార్లే," అన్నారు. తన ఇంట్లో పెద్ద టీవీ కొన్నారు కనక పాతది ఇచ్చి ఆటోలో పంపించారు కూడా. త్రినాధరావుకి టీవీ బాగుంది గానీ మర్యాద నచ్చలేదు. ముసలెద్దుని కట్టేసినట్టు కట్టేశారని లోపల్లోపల ఏడ్చాడు. కేబులు పెట్టించుకుంటే సీరియళ్ళు తప్ప ఏమీ రాలేదు. పాత కంప్యూటర్ ఒకటి తగిలించి, పెన్‌డ్రైవ్ నిండా పాత సినిమాలు వేసుకుంటే ఇల్లే హాలవుతుందని మార్కెట్లో ఎవరో అన్నారు. ఆ మాట విన్న దగ్గర నుంచి అతనికి ఒకటే ధ్యాస. అబ్బులుతో కలిసి చూసిన సినిమాలన్నీ తెప్పించి, అంతా సిద్ధం చేసి, అప్పుడు ఫోను చేసి రమ్మనాలి. ఉత్తినే రమ్మంటే తప్పు ఒప్పుకున్నట్టుంటుంది. సినిమాకి రమ్మంటే అలా ఉండదు.

పెట్టె ఇంటికొచ్చింది. నీలం తల వైరు ఓ పట్టాన లోపలికి వెళ్ళకపోతే, త్రినాధరావు గోనెసంచి నోట్లో దిమ్మ కుక్కినట్టు కుక్కాడు. బొమ్మ వచ్చింది. కొత్త కుర్చీ ఒకటి కొని పాతదాని పక్కన వేశాడు. మొదటి ఆదివారం ఒక సినిమా చూశాడు. స్పీకర్లు సరిగా లేవు, సరైనవి పెట్టాక పిలుద్దామనుకున్నాడు. రెండో ఆదివారం ఇంకో సినిమా చూశాడు. కిటికీకి మందపాటి గుడ్డ కట్టాక పిలుద్దామనుకున్నాడు. మూడో ఆదివారానికి కొత్త కుర్చీ మీద ఉతికిన బట్టలు చేరాయి. సినిమా సగంలో "రెండో రంగు సినిమా బావా" అని పైకే అన్నాడు. గదిలో తన గొంతు విని తనకే సిగ్గేసింది.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం, పై వాటాలో ఉండే ఇంటివాళ్ళ కోడలు రాజశ్రీ నీళ్ళ మోటారు వెయ్యడానికి కిందికి దిగింది. స్విచ్చి త్రినాధరావు గుమ్మం పక్కనే ఉంటుంది. తలుపు తీసి ఉంటే లోపలికి తొంగి చూసింది.

"ఏటి బాబాయ్, సినిమాలో అందరికీ పచ్చకామెర్లు వచ్చేసేయేటి?"

"పాత సినిమా అమ్మా. అప్పటి రంగులు అలాగే ఉంటాయి."

"అలాగెందుకుంటాయి. ఆవిడ కట్టుకున్నది తెల్లచీర కదా. పసుపులో ముంచినట్టుంది."

త్రినాధరావు చిన్నగా నవ్వాడు. రంగు గురించి తనకి చెప్పేవాళ్ళు కూడా తయారయ్యారు. రాజశ్రీ ఆ నవ్వు పట్టించుకోకుండా లోపలికొచ్చి, టీవీ వెనక చెయ్యి పెట్టి వైరు పీకింది. "ఇదిగో, వైరు తలలో సూది ఒకటి వంగిపోయింది," అని జడపిన్నుతో దాన్ని నిలబెట్టి మళ్ళీ గుచ్చింది. "ఇప్పుడు చూడండి. ఎంత తెల్లగా వచ్చిందో."

త్రినాధరావు చూశాడు. హీరోయిన్ మెట్లు దిగుతోంది. చీర ఇందాక ఎలా ఉందో అలాగే ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. అలాగే ఉంది.

"వచ్చింది కదా బాబాయ్?"

"ఆఁ. ఇప్పుడు బాగుంది," అన్నాడు.

తన కంటికి కనపడని రంగు చెప్పడం ఇన్నేళ్ళలో అతనికి అదే మొదటిసారి.

రాజశ్రీ వెళ్ళాక లేచి వైరు సగం పీకాడు. కూర్చుని చూశాడు. మళ్ళీ లేచి నొక్కాడు. ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు. బొమ్మ ఇప్పుడు తెల్లగా ఉందో పచ్చగా ఉందో చెప్పడానికి గదిలో ఇంకో మనిషి లేడు. అతనికి భయమేసింది. సినిమా ఆపేసి, చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే చీటీల బల్ల దగ్గర కూర్చోకుండా సరుకు దగ్గరికి నడిచాడు. కొత్తగా పేర్చిన వరసలోంచి ఒక దిమ్మ ఎత్తి నీడలో పట్టుకున్నాడు. అతని కంటికి అది నిస్సందేహంగా రెండో రంగు. పక్కన మూటలు మోసే కలాసీ పరదేశి గోనెలు సర్దుతున్నాడు.

"పరదేశీ, ఇది ఏ రంగురా?"

"మొదటి రంగే కదా బాబూ..." అని, అన్నాక ఎవరితో అన్నాడో గుర్తొచ్చి, పరదేశి తల దించుకున్నాడు.

ఆ తల దించుకోవడంతో త్రినాధరావుకి మిగిలింది కూడా తెలిసిపోయింది. కలాసీలకి తెలుసు. షావుకారుకి తెలుసు. ఎండ పేరు చెప్పి లోపల కూర్చోబెట్టింది అందుకే. తెలియనివాడు మార్కెట్ మొత్తానికి తనొక్కడే. ఆ రథసప్తమి వారంలో అబ్బులు సరుకు మొదటి రంగే. పాతికేళ్ళ బావని అంతమందిలో రెండో రంగు చేసింది తన కన్ను.

ఇంటికొచ్చి, ఇంకేమీ ఆలోచించకుండా ఫోను చేశాడు. నంబరు నోటికే వచ్చు.

"బావా, త్రినాధరావుని."

అటు వెనక మేకలు అరుస్తున్నాయి.

"సెప్పు బావా."

"ఆ రోజు నీది మొదటి రంగే."

"ఊఁ."

"ఊఁ అంటావేటి? నా కళ్ళు పోయేయి బావా. తెలుపుకీ పసుపుకీ తేడా తెలీడం లేదు. నీకు తప్పు చెప్పేను."

"నాకు తెలుసు బావా."

"ఎప్పుడు తెలుసు?"

"ఆ రోజే. నువ్వు ఎప్పుడూ దిమ్మని నీడలో సూత్తావు. ఆ రోజు ఎండకేసి పట్టుకున్నావు, కనపడక."

త్రినాధరావు మంచం మీద కూర్చున్నాడు. "మరక్కడే చెప్పొచ్చు కదా."

"అంతమందిలో మా బావకి కన్ను పోయిందని నా నోటితో సెప్తానేటి? మళ్ళీ సరుకు దించితే మళ్ళీ రెండో రంగంటావు. రెండోసారి నోరు మూసుకోడం నాకు సేతకాదు. అందికే వేరే దారిని అమ్ముకున్నాను."

"సినిమాకి రావొచ్చు కదా."

"సినిమాలో మట్టుకు నీ నోరాగుద్దేటి? సీర రంగు తప్పు సెప్తావు, నాను నవ్వుతాను, నీకు తెలిసిపోద్ది."

"రెండేళ్ళు బావా," అన్నాడు త్రినాధరావు. "రెండేళ్ళు ఒక్కణ్ణే ఉన్నాను. నీకు కోపమొచ్చిందనుకున్నాను. ఒక్క మాట చెప్పుంటే ఆ కన్నేదో పోతే పోయిందనుకుని ఊరుకుందును కదా."

"ఎలాగ సెప్పనురా? ఆ కన్ను తప్పించి నీకు ఇంకేటుంది బావా?"

త్రినాధరావు గది చుట్టూ చూశాడు. కిటికీకి కట్టిన మందపాటి గుడ్డ. షావుకారిచ్చిన టీవీ. పక్కపక్కనే రెండు కుర్చీలు.

"కంప్యూటర్ ఉంది," అన్నాడు. "మనం చూసిన సినిమాలన్నీ అందులో వేయించేను. బూడిద రంగు పెట్టె. నలుపు కొనలేదు."

"బూడిద రంగని నీకెవరు సెప్పేరు?"

ఆ ఎగతాళి విని రెండేళ్ళయింది. త్రినాధరావు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. పెట్టె వైపు చూశాడు. తన కంటికి బూడిద రంగే. కానీ తన కన్ను ఇప్పుడు దేనికీ సాక్ష్యం కాదు.

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు. "నువ్వొచ్చి చూసి చెప్పు బావా."

అటునుంచి అబ్బులు వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. మేకలు అరుస్తూనే ఉన్నాయి. త్రినాధరావు ఫోను చెవికి అలాగే ఆనించుకుని, రెండో చేత్తో కొత్త కుర్చీ మీది బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీద వేస్తున్నాడు.